అగమెమ్నోన్ (ఐస్కిలస్ విషాద నాటకం): పాత్రలు, ప్రతీకలు, నేపథ్యం

ప్రాచీన గ్రీకు నాటకకర్త ఐస్కిలస్ రాసిన విషాద నాటకం ‘అగమెమ్నోన్’. క్రీ.పూ. 458 వసంతకాలంలో, ఏథెన్స్‌లో జరిగే డయోనైసస్ దేవుడి ఉత్సవంలో దీన్ని మొదటిసారి ఆడారు. ‘ఒరెస్టియా’ అని పిలిచే మూడు నాటకాల వరుసలో ఇది మొదటిది. 1,673 పంక్తులతో మూడింటిలోనూ పెద్దది. తర్వాతి రెండు ‘తర్పణాలు తెచ్చిన స్త్రీలు’, ‘యుమెనిడీస్’. ఆ రోజు వీటి వెంట ఆడిన ‘ప్రోటియస్’ అనే వినోద నాటకం కాలగర్భంలో కలిసిపోయింది. ఆ ఏడాది పోటీలో మొదటి బహుమతి ఐస్కిలస్‌దే. గ్రీకు విషాద నాటకాల్లో మూడు భాగాల వరుస పూర్తిగా మనదాకా వచ్చింది ఇదొక్కటే.

కథ చాలా చిన్నది. పదేళ్ళ ట్రాయ్ యుద్ధం గెలిచి రాజు అగమెమ్నోన్ ఇంటికొస్తాడు. భార్య క్లైటెమ్నెస్ట్రా అతన్ని ఎదురేగి ఆహ్వానించి, లోపలికి తీసుకెళ్ళి, స్నానాల తొట్టిలో చంపేస్తుంది. అతను వెంట తెచ్చుకున్న బందీ కసాండ్రానూ చంపుతుంది. రాణి ప్రియుడు ఐజిస్థస్ వచ్చి గద్దె ఎక్కుతాడు. అంతే. హత్య ప్రేక్షకుల కంటపడదు. మూసిన తలుపుల వెనక నుంచి రెండు కేకలు వినిపిస్తాయి. ఆ రెండు కేకలకూ అర్థం కల్పించడానికే మిగతా నాటకమంతా. ఐస్కిలస్ ఇందుకు పట్టిన పద్ధతి ఒకటుంది. ముందు ఉపమానంగా ఒక మాట పడుతుంది. కాసేపటికి అదే మాట వస్తువు రూపంలో రంగం మీదికి వస్తుంది. పాటలో విన్న వల చివరికి శవం చుట్టూ కనిపిస్తుంది. ఈ నాటకంలోని పాత్రల్ని వాళ్ళ మాటలనుబట్టి కన్నా, వాళ్ళ చేతుల్లో కాళ్ళకింద ఉన్న వస్తువులనుబట్టి చదవడమే మేలు.

దాయాదుల పగ

కథకు మూలం అన్నదమ్ముల తగువు. పెలోప్స్ కొడుకులు ఆట్రియస్, థయెస్టీస్. థయెస్టీస్ అన్న భార్యతో సంబంధం పెట్టుకున్నాడు, రాజ్యానికీ పోటీ వచ్చాడు. ఆట్రియస్ అతన్ని దేశం నుంచి తరిమి, కొన్నాళ్ళకు రాజీ పడ్డట్టు నటించి విందుకు పిలిచాడు. తమ్ముడి పిల్లల్నే నరికి, చేతులూ కాళ్ళూ పోల్చుకోకుండా దాచి, వండి వడ్డించాడు. తెలియక తిన్న తండ్రి, తెలిశాక బల్లను కాలితో తన్ని ఆ వంశాన్ని శపించాడు. అతనికి మిగిలిన కొడుకే ఐజిస్థస్. ఆట్రియస్ కొడుకులు అగమెమ్నోన్, మెనెలాస్. అన్నదమ్ములిద్దరూ అక్కచెల్లెళ్ళను పెళ్ళాడారు. క్లైటెమ్నెస్ట్రా అగమెమ్నోన్‌కు, హెలెన్ మెనెలాస్‌కు భార్యలయ్యారు. హెలెన్ ట్రాయ్ యువరాజు పారిస్‌తో వెళ్ళిపోవడం యుద్ధానికి దారితీసింది.

ఈ విందు సంగతిని ఐస్కిలస్ మొదట్లో ఎక్కడా విప్పి చెప్పడు. నాటకాన్ని మొదలుపెట్టే కావలివాడు ఏదో చెప్పబోయి నోరు కట్టేసుకుంటాడు. నాటకం మూడింట రెండువంతులు నడిచాక కసాండ్రా దివ్యదృష్టిలో ఆ పిల్లలు కనిపిస్తారు. తమ మాంసాన్ని తామే చేతుల్లో పట్టుకుని ఇంటి ముందు కూర్చుని ఉంటారు. అసలు కథ మొత్తం బయటపడేది ఐజిస్థస్ నోట, ఆఖరి ఘట్టంలో, హత్య జరిగిపోయాక. నాటకం ముందుకు పోయేకొద్దీ గతం అంత లోతుగా తవ్వుకుంటూ పోతుంది.

ఆలిస్ తీరంలో

వంశశాపం ఒక్కటే అయితే అగమెమ్నోన్ నిర్దోషి అయ్యేవాడు. అతని సొంత ఖాతాలో ఆలిస్ ఉంది. ట్రాయ్ మీదికి బయలుదేరిన వెయ్యి ఓడలు ఆలిస్ రేవులో ఎదురుగాలికి చిక్కుకుపోయాయి. అంతకుముందే ఒక శకునం కనబడింది. రెండు గద్దలు నిండు చూలాలైన కుందేలును చీల్చి తిన్నాయి. గద్దలంటే రాజులిద్దరూ, కుందేలంటే ట్రాయ్ అని జోస్యుడు కాల్కాస్ చెప్పాడు. పుట్టని పిల్లలతో సహా చంపిన ఆ గద్దల మీద ఆర్టెమిస్ దేవతకు కోపం వచ్చింది. గాలి తిరగాలంటే రాజు తన కూతురు ఇఫిజినియాను బలివ్వాలి.

ఇక్కడ ఐస్కిలస్ చేసిన మార్పు గమనించదగ్గది. పాత ఇతిహాస గాథల్లో ఆర్టెమిస్ కోపానికి వేరే కారణం ఉంది. అగమెమ్నోన్ ఒక జింకను కొట్టి, వేటలో దేవతను మించానని ప్రగల్భాలు పలికాడట. చివరిక్షణంలో దేవత పిల్లను తప్పించి బలిపీఠం మీద జింకను పెట్టిందనీ ఆ గాథల్లో ఉంది. ఐస్కిలస్ ఆ ప్రగల్భాన్నీ, ఆ జింకనూ రెంటినీ తీసేశాడు. దాంతో దేవత కోపం జరిగిపోయిన తప్పు మీద కాకుండా, ఇక జరగబోయే నరమేధం మీదికి మళ్ళింది. యుద్ధానికి వెళ్ళడమా మానడమా అన్నది రాజు తేల్చుకోవాల్సిన విషయమైంది. అతను తేల్చుకున్నాడు.

ఆ బలిని కోరస్ అనే పాటల బృందంలోని ముసలివాళ్ళు పాడిన తీరు గ్రీకు నాటకమంతటిలో అతి కఠినమైన ఘట్టాల్లో ఒకటి. మేకపిల్లను ఎత్తినట్టు అమ్మాయిని బలిపీఠం మీదికి ఎత్తుతారు. ఇంటిని శపించకుండా నోటికి గుడ్డ కడతారు. కుంకుమపువ్వు రంగు బట్ట నేలమీదికి జారుతుంది. నోరు కట్టేశారు గనక ఒక్కొక్కరినీ కళ్ళతోనే వేడుకుంటుంది. ఒకప్పుడు తండ్రి విందుల్లో, మూడో తర్పణం పోసే వేళ, పాట పాడిన పిల్ల ఆమె. ఆ పైన ఏం జరిగిందో తాము చూడలేదని, చెప్పమని ముసలివాళ్ళు పాట ఆపేస్తారు. ఆ మూడో తర్పణం, ఆ జారిన బట్ట, రెండూ మళ్ళీ వస్తాయి.

హోమర్ చెప్పిందీ, ఐస్కిలస్ మార్చిందీ

క్రీ.పూ. 458 నాటి ప్రేక్షకులకు ఈ కథ కొత్త కాదు. ‘ఇలియడ్’లో అగమెమ్నోన్ తన బందీ క్రైసేయిస్‌ను భార్య కన్నా ఇష్టపడుతున్నానని సైన్యం ముందే అంటాడు. ‘ఒడిస్సీ’లో అతని చావు పదేపదే ప్రస్తావనకు వస్తుంది. అయితే అక్కడ హంతకుడు ఐజిస్థస్. చావు విందు భోజనాల దగ్గర. రాణి కుట్రలో భాగస్వామి, కసాండ్రాను చంపింది ఆమే, కానీ రాజు మీద కత్తి దూసింది ఆమె కాదు. బోస్టన్ మ్యూజియంలో ఉన్న, సుమారు క్రీ.పూ. 470–460 నాటి ఒక పెద్ద మట్టి పాత్ర మీద కూడా కత్తి ఐజిస్థస్ చేతిలోనే ఉంది. అగమెమ్నోన్ పలచటి బట్టలో చిక్కుకుని, చేతులు బయటికి రాక తన్నుకుంటున్నాడు. రాణి గొడ్డలి పట్టుకుని వెనక ఉంది.

ఐస్కిలస్ ఆయుధం రాణి చేతికిచ్చి, ఐజిస్థస్‌ను కథ ముగిసేదాకా బయటే నిలబెట్టాడు. ఊరు కూడా మార్చాడు. హోమర్ కావ్యాల్లో అగమెమ్నోన్ రాజధాని మైసీనీ. ఈ నాటకంలో మైసీనీ పేరే వినపడదు, అంతా ఆర్గోస్. ఇది కవి మతిమరుపు కాదు. నాటకానికి సుమారు పదేళ్ళ ముందు ఆర్గోస్ వాళ్ళు మైసీనీని నేలమట్టం చేశారు. క్రీ.పూ. 462–461లో ఏథెన్స్ స్పార్టాతో తెగతెంపులు చేసుకుని ఆ ఆర్గోస్‌తోనే పొత్తు కుదుర్చుకుంది. మూడో నాటకంలో అగమెమ్నోన్ కొడుకు ఒరెస్టీస్ ఆర్గోస్ తరఫున ఏథెన్స్‌కు శాశ్వత స్నేహం వాగ్దానం చేస్తాడు. ప్రేక్షకులకు అది తాజా వార్త.

ఏథెన్స్, క్రీ.పూ. 458

ఐస్కిలస్ అప్పటికి అరవై దాటినవాడు. క్రీ.పూ. 490లో మారథాన్‌లో పర్షియన్ల మీద పోరాడినవాడు. ఆ యుద్ధంలో తమ్ముడో అన్నో అయిన సైనగైరస్‌ను పోగొట్టుకున్నవాడు. అతని సమాధి మీద చెక్కించినదని చెప్పుకునే పద్యంలో మారథాన్ ప్రస్తావనే గాని నాటకాల ఊసే లేదు. యుద్ధం గురించి రాసేటప్పుడు అతనికి పుస్తకాల అవసరం లేదు. నాటకంలో ట్రాయ్ నుంచి వచ్చిన వార్తాహరుడు గెలుపు వార్తతో ఆగకుండా తడి నేల మీద పడకలు, బట్టల్లో పట్టిన పురుగులు, పక్షుల్ని చంపే చలి గురించి చెప్పడంలో ఆ అనుభవం తెలుస్తుంది.

ఆ రోజుల్లో ఏథెన్స్ ఒకేసారి చాలా చోట్ల యుద్ధం చేస్తోంది. ఒక్క ఎరెక్థియిస్ తెగకు చెందిన మృతుల రాతి ఫలకం ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. సైప్రస్, ఈజిప్ట్, ఫినీషియా, హాలియిస్, ఈజినా, మెగారాల్లో ఒకే ఏడాది చనిపోయినవాళ్ళని దాని మీద ముందే రాసి, కింద నూట డెబ్బైకి పైగా పేర్లు చెక్కారు. అలాంటి తెగలు ఏథెన్స్‌లో పది. నాటకం ఆడింది ఆ మరణాలు జరిగిన ఒకటి రెండేళ్ళకే. చనిపోయినవాళ్ళను యుద్ధభూమిలోనే దహనం చేసి, అస్థికలు ఊరికి తెచ్చి సామూహికంగా ఖననం చేయడం వాళ్ళ ఆచారం.

ఈ నేపథ్యంలో కోరస్ పాడే ఒక పాట మరోలా వినిపిస్తుంది. అందులో యుద్ధ దేవుడు ఏరీస్ శవాల బేరగాడు. రణరంగంలో తక్కెడ పట్టుకుని కూర్చుని, మనుషుల్ని తీసుకుని బదులుగా బూడిద తూచి కుండల్లో ఇంటికి పంపుతాడు. బంధువులు ఏడుస్తూ పోయినవాళ్ళను పొగుడుతారు. ఆ వెంటనే గొంతు తగ్గించి, పరాయివాడి పెళ్ళాం కోసం పోయాడని గొణుగుతారు. గెలిచిన రాజు ఇంకా రంగం మీద అడుగు పెట్టకముందే ప్రజల శాపం అతనికోసం కాచుకుని ఉంది. తన ఊరి గెలుపుల మధ్య కూర్చుని ఇలా రాసిన కవిని, ఈ పాటను మెచ్చి మొదటి బహుమతిచ్చిన ఊరిని, రెంటినీ గుర్తుంచుకోవాలి.

ఊళ్ళో రాజకీయం కూడా మరుగుతోంది. క్రీ.పూ. 462లో ఎఫియాల్టీస్ అనే నాయకుడు పెద్దింటివాళ్ళ అడ్డా అయిన ఏరియోపేగస్ మండలి అధికారాలు చాలావరకు ఊడబీకాడు. ఆ వెంటనే అతను హత్యకు గురయ్యాడు. ఆ మండలికి మిగిలిన ముఖ్యమైన పని హత్యకేసుల విచారణ. మూడో నాటకం ముగిసేది ఆ మండలి పుట్టుకతో, ఒక హత్యకేసు తీర్పుతో.

రంగస్థలం

అక్రోపోలిస్ కొండ దక్షిణ వాలు మీద, ఆరుబయట, పగటి వెలుతురులో ఆట. నటులందరూ మగవాళ్ళే, ముఖాలకు తొడుగులు. మాట్లాడే నటులు ముగ్గురు, కోరస్‌లో పన్నెండుమంది. జంట గొట్టాల ఊదుడు వాద్యం వెంట ఉంటుంది. రంగం వెనక తలుపున్న కట్టడాన్ని నాటకం తప్పనిసరిగా వాడుకున్నట్టు మనకు తెలిసిన మొదటి సందర్భం ‘ఒరెస్టియా’. ఐస్కిలస్ ఆ కొత్త సదుపాయాన్ని పూర్తిగా వాడాడు. కావలివాడు దాని పైకప్పు మీద మోచేతుల మీద ఆనుకుని కుక్కలా పడుకుని ఉంటాడు. లోపల హత్య జరుగుతుంది. ఆ తర్వాత తలుపులు తెరుచుకుని శవాలు కనిపిస్తాయి. ఆ ఒక్క తలుపు ఎవరి అధీనంలో ఉందో నాటకం వాళ్ళది. అది మొదటినుంచి చివరిదాకా రాణి అధీనంలోనే ఉంటుంది.

పాత్రలు

క్లైటెమ్నెస్ట్రాకు ఆడదాని దేహంలో మగవాడి ఆలోచన అని కావలివాడు మొదటి మాటల్లోనే అంటాడు. ఆ మాటలో మెప్పూ ఉంది, భయమూ ఉంది. ట్రాయ్ పడిపోయిన వార్త ఆర్గోస్‌కు ఒక్క రాత్రిలో ఎలా చేరిందో ఆమె చెప్పే తీరు చూడాలి. ఐడా కొండ మీద వెలిగించిన మంట లెమ్నోస్ దీవికి, అక్కణ్ణుంచి ఏథోస్‌కు, అక్కణ్ణుంచి సముద్రం మీదుగా మకిస్టస్‌కు, మెసాపియన్, కితెరోన్ మొదలైన కొండలు దాటి చివరికి అరక్నాయన్ మీదుగా తన ఇంటి కప్పు దాకా. ఏథోస్‌కూ యుబియా దీవికీ మధ్య దూరమే 150 కిలోమీటర్లు దాటుతుంది, అంత దూరం మంట కనబడుతుందా అని పండితులు తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. నాటకానికి ఆ లెక్క అక్కర్లేదు. ఏజియన్ సముద్రానికి అటూ ఇటూ ఉన్న ఆ కొండలన్నిటి మీదా తన మనుషుల్ని నిలబెట్టగల ఆడమనిషి ఈమె అని తెలిస్తే చాలు. ముసలివాళ్ళు అది ఆడవాళ్ళ నమ్మకం అని కొట్టిపారేస్తారు. వార్తాహరుడు వచ్చి రుజువు చేశాక ఆమె వాళ్ళను దులిపేస్తుంది.

ఆమె అబద్ధం ఆడుతుందా అంటే, ఆడుతుంది. భర్త కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎండిపోయాయని అందరి ముందూ చెబుతుంది. అయితే హత్య తర్వాత, అదంతా అవసరానికి చెప్పిందేనని తలెత్తి ఒప్పుకుంటుంది. మూడు పోట్లు పొడిచానంటుంది. మూడోది పాతాళంలోని జ్యూస్ దేవుడికి తర్పణమట. కూతురు పాడిన మూడో తర్పణం పాట ఇక్కడ కత్తిపోటైంది. పైకి చిమ్మిన నెత్తురు విత్తిన చేను మీద వాన పడ్డట్టు తనకు హాయినిచ్చిందంటుంది. ఆమెను దేశం నుంచి వెళ్ళగొడతామని ముసలివాళ్ళు అంటే ఆమె ఇచ్చే జవాబుకు వాళ్ళ దగ్గర సమాధానం ఉండదు. మందల కొద్దీ గొర్రెలుండగా సొంత బిడ్డను గొర్రెలా కోసినవాణ్ణి అప్పుడెందుకు వెళ్ళగొట్టలేదన్నదే ఆ జవాబు. అలాగని ఐస్కిలస్ ఆమెను విడిచిపెట్టడు. కసాండ్రా చావు తన సుఖానికి నంజుడు లాంటిదని ఆమె అన్నప్పుడు, ఇఫిజినియా కోసం అన్న వాదన పక్కకు జరిగిపోతుంది.

అగమెమ్నోన్ పేరు నాటకానికి పెట్టినా అతను రంగం మీద ఉండేది స్వల్పకాలమే. వచ్చీరాగానే దేవుళ్ళకు కృతజ్ఞత చెబుతాడు, కానీ వాళ్ళను తన విజయంలో భాగస్వాములంటాడు. భార్య స్వాగతానికి బదులుగా, నీ ప్రసంగం కూడా నేను ఊళ్ళో లేని కాలమంత పొడుగుందని ఎద్దేవా చేస్తాడు. పదేళ్ళ తర్వాత భార్యతో అతని మొదటి మాట అది. దుర్మార్గుడేం కాడు. తన గురించి తనకు ఎప్పుడూ అనుమానం రాని మనిషి.

కసాండ్రా గురించి చెప్పాలంటే ముందు ఆమె మౌనం గురించి చెప్పాలి. రాజు బండి వెంట ఆమె వచ్చింది మొదలు సుమారు 290 పంక్తుల దాకా పెదవి విప్పదు. రాణి ఎంత పిలిచినా ఉలకదు పలకదు. ఈమె మాటల్లేని వేషం కాబోలు అని ప్రేక్షకులు అనుకోవడానికే ఆ ఏర్పాటు. మూడో నటుడు నాటకానికి అప్పటికి ఇంకా కొత్త. రాణి విసుగెత్తి లోపలికి పోయాక ఒక్కసారిగా అపోలో దేవుడి పేరెత్తి కేక పెడుతుంది. ట్రాయ్ రాజు ప్రియామ్ కూతురైన ఈమెను అపోలో కోరాడు. మాటిచ్చి తప్పినందుకు, జరగబోయేది తెలిసినా ఎవరూ నమ్మని శాపం పెట్టాడు. ఆమె చెప్పేదంతా ముసలివాళ్ళకు ఒక్కో ముక్కగా అర్థమవుతుంది, మొత్తంగా తలకెక్కదు. చివరికి జోస్యుల దండలు, కర్ర నేలకు కొట్టి తొక్కి, తలుపు వైపు నడుస్తుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తగ్గుతుంది. లోపల నెత్తురు వాసన అంటుంది. అది బలుల వాసన అంటారు వాళ్ళు. కాదు, గోరీలోంచి వచ్చే వాసన అంటుంది. అయినా లోపలికి వెళుతుంది. మిగతావాళ్ళంతా తెలియక చిక్కుకున్న వలలోకి తెలిసి నడిచినది ఆమె ఒక్కతే. ఈ నాటకంలో ధైర్యం అన్న మాటకు తగిన మనిషి ఎవరంటే ఈమె పేరే చెప్పాలి.

ఐజిస్థస్ తనదే పథకమని గొప్పలు పోతాడు. ఇంట్లో ఉండి ఆడదాని చేత పని చేయించినవాడని కోరస్ అతని మొహం మీదే అంటుంది. అయితే అతనిదీ ఒక న్యాయమే. అతని అన్నల్ని వండిన ఇల్లు ఇది.

ఇక కోరస్. వీళ్ళను బుర్రకథలో వంతవాళ్ళనుకుంటే పొరపాటు. యుద్ధానికి పోలేని వయసువచ్చిన ఆర్గోస్ పెద్దలు వీళ్ళు. దేవుళ్ళ మీద, యుద్ధం మీద లోతైన ఆలోచనలన్నీ వీళ్ళ పాటల్లోనే ఉన్నాయి. బాధపడితేనే బుద్ధి వస్తుందన్నది మనుషులకు జ్యూస్ పెట్టిన నియమమని పాడేది వీళ్ళే. తీరా రాజు కేక వినబడ్డప్పుడు పన్నెండుమందీ తలా రెండు పంక్తుల్లో అభిప్రాయాలు చెప్పుకుంటారు. తలుపు పగలగొడదామని ఒకరు, ముందు నిజం తెలుసుకుందామని ఇంకొకరు. ఆ చర్చ ముగిసేసరికి పని అయిపోతుంది. దీన్ని చదివి నవ్వుకునేవాళ్ళున్నారు. కోరస్ ఇంట్లోకి పోలేని రంగస్థల కట్టుబాటు అందుకు ఒక కారణం. ఆ కట్టుబాటునే ఐస్కిలస్ ఒక ఊరి పెద్దల నిస్సహాయతగా మార్చుకున్నాడు.

ప్రతీకలు

అన్నిటిలో పెద్దది వల. మొదట అది దేవుళ్ళది. జ్యూస్, రాత్రిదేవత కలిసి ట్రాయ్ కోటల మీద పెద్దా పిన్నా ఎవరూ దాటలేని వల విసిరారని కోరస్ పాడుతుంది. తర్వాత రాణి నోట వస్తుంది. భర్త గాయపడ్డాడని వచ్చిన పుకార్లన్నీ నిజమైతే అతని ఒంటికి వల కన్నా ఎక్కువ చిల్లులుండాలంటుంది. అప్పటికది మాటకారితనమే. కసాండ్రాకు కనిపించేది పాతాళపు వల, దాన్ని పట్టుకున్నది పక్కలో పడుకునే భార్య. చివరికి తలుపులు తెరిస్తే అది నిజమైన వస్తువు. తప్పించుకునే దారి లేకుండా చేపల వలలా రాజు చుట్టూ చుట్టిన ఖరీదైన వస్త్రం. రెండో నాటకంలో ఒరెస్టీస్ తల్లిని చంపాక అదే వస్త్రాన్ని ఎండలో పరిచి అందరికీ చూపిస్తాడు. వేటగాడు వేటాడబడేవాడు అవుతాడన్న సంగతి ఒక గుడ్డ చేతులు మారడంలోనే చెప్పేశాడు కవి.

ఆ వల కన్నా ముందు మరో బట్ట ఉంది. నాటకంలో అత్యంత ప్రసిద్ధమైన ఘట్టం అదే. రాజు బండి దిగబోతుంటే, ట్రాయ్‌ను తొక్కిన పాదం మట్టి తొక్కకూడదని, దాసీల చేత తలుపుదాకా ముదురు ఎరుపు వస్త్రాలు పరిపిస్తుంది రాణి. ఇవి తొక్కడానికి నేసినవి కావు, ఇంటి సంపద. ఆ రంగు సముద్రపు గుల్ల పురుగుల నుంచి తీస్తారు. 1909లో ఫ్రీడ్‌లాండర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 12,000 గుల్లల నుంచి తీయగలిగింది 1.4 గ్రాముల రంగు. బండి నుంచి వాకిలిదాకా పరిచిన బట్టకు ఎన్ని గుల్లలు పట్టి ఉంటాయో ప్రేక్షకులకు తెలుసు. రాజుకూ తెలుసు. ఇలాంటి మర్యాద దేవుళ్ళకు చెల్లుతుంది, నేను మనిషిని, పరదేశీల తరహా దండాలు నాకొద్దు అంటాడు. ఆమె వదలదు. నీ స్థానంలో ప్రియామ్ ఉంటే ఏం చేసేవాడని అడుగుతుంది. తప్పక తొక్కేవాడంటాడు. గెలిచినవాడు ఒక్కసారి ఓడినా అందమే అంటుంది. పదీపన్నెండు పంక్తుల్లో, ఒక్కో పంక్తి ఇటొకటి అటొకటిగా, అతను లొంగిపోతాడు. దేవుళ్ళు చూసి అసూయపడతారేమోనని చెప్పులు మాత్రం విప్పించుకుంటాడు. తప్పని తెలిసి, చెప్పులు విప్పితే సరిపోతుందనుకున్న మనిషి అక్కడ పూర్తిగా బయటపడ్డాడు. ఆలిస్‌లోనూ ఇదే జరిగింది. నడుస్తుంటే సముద్రం ఉంది, దాన్ని ఎవరు ఎండగట్టగలరు అన్న అర్థంలో రాణి ప్రసంగం వెంట సాగుతుంది. ఇంట్లో సొమ్ముకు కొదవలేదని పైకి. నెత్తురుకు కొదవలేదని లోపల. బండి నుంచి తలుపుదాకా పరిచిన ఆ ఎర్రటి దారి, ఆ రోజు కొండవాలు మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది.

మంట కూడా ఇలాగే నడుస్తుంది. ట్రాయ్‌ను కాల్చిన నిప్పు వంశపరంపరగా ఆర్గోస్ కప్పు దాకా వచ్చిందని రాణి అంటుంది. అంటే కావలివాడు శుభవార్తనుకుని గంతులేసిన వెలుగు, ఇంటికి అంటుకోబోయే నిప్పు. జంతువుల ప్రతీకలు లెక్కలేనన్ని. ఒకటి మాత్రం చెప్పుకోవాలి. సింహం పిల్లను ఇంట్లో పెంచుకుంటే, పిల్లలతో ఆడుకుని, పెద్దయ్యాక పెంచిన ఇంటినే నెత్తురుమయం చేసిందనే కథ కోరస్ పాడుతుంది. పైకి అది ట్రాయ్‌లో అడుగుపెట్టిన హెలెన్ గురించి. కానీ ఆ సింహం పారిస్‌కూ వర్తిస్తుంది, రాణికీ, ఐజిస్థస్‌కూ, పెరుగుతున్న ఒరెస్టీస్‌కూ వర్తిస్తుంది. ఐస్కిలస్ ప్రతీకలు ఒకరి పేరున రాసిచ్చేవి కావు.

ముగింపు, తర్వాతి రెండు నాటకాలు

చేసినవాడు అనుభవించి తీరాలన్నది ఈ ఇంటి చట్టం. ప్రతి హంతకుడూ న్యాయం పేరే చెబుతాడు. అగమెమ్నోన్ ట్రాయ్‌లో, రాణి స్నానాల గదిలో, ఐజిస్థస్ గుమ్మంలో. అందుకే కథ ముగియదు. రాణి ఆ ఇంటి పగదేవతతో ఒప్పందం చేసుకుని ఇక్కడితో ఆపేద్దామనుకుంటుంది, ఉన్న సొత్తులో కొంచెం మిగిలినా చాలంటుంది. ఆ మాట ముగిసీ ముగియకముందే సైనికులతో ఐజిస్థస్ దిగుతాడు. కత్తులు బయటికి వస్తాయి. రాణే అడ్డుపడి ఆపుతుంది. నాటకం ఆఖర్న కోరస్ పాట పాడుతూ నిష్క్రమించడం ఆనవాయితీ. ఇక్కడ పాట లేదు. ఆఖరి మాట రాణిది.

రెండో నాటకంలో ఒరెస్టీస్ తల్లిని చంపుతాడు. మూడోదాంట్లో నెత్తుటి పగ దేవతలైన ఎరిన్యులు అతన్ని తరుముతారు. మొదటి నాటకంలో కసాండ్రాకు తప్ప ఎవరికీ కనబడని ఆ దేవతలే ఇప్పుడు కోరస్‌గా అందరి కళ్ళముందూ ఉంటారు. ఏథెన్స్‌లో ఎథీనా దేవత న్యాయస్థానం పెడుతుంది, ఓట్లు సమానమై ఒరెస్టీస్ బయటపడతాడు. ఆగ్రహించిన ఎరిన్యులను బతిమాలి, ఊరిలో స్థానమిచ్చి, ఎరుపు వస్త్రాలు కప్పి, కాగడాలతో ఊరేగించి తీసుకెళతారు. ఎర్రబట్ట, నిప్పు, రెండూ మొదటిసారి ఎవరినీ చంపకుండా రంగం మీదికొచ్చాయి. తండ్రే అసలు కన్నవాడు, తల్లి కేవలం పెంచే నేల అని అపోలో చేసే వాదన మీద ఈ తీర్పు కొంత ఆధారపడింది. ఆ వాదన ఇఫిజినియా తల్లికి జవాబు కాదని నేటి పాఠకులు చాలామంది అభిప్రాయపడతారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

పాఠం, ప్రదర్శనలు

ఈ నాటకం మనకు దక్కడం అదృష్టమే. ఐస్కిలస్ ప్రతుల్లో ముఖ్యమైనది ఫ్లోరెన్స్‌లో ఉన్న పదో శతాబ్దపు చేతిరాత ప్రతి. మధ్యలో ఆకులు ఊడిపోవడంతో దానిలో ‘అగమెమ్నోన్’ 310 పంక్తులు మొదట్లోనూ, వందలోపు పంక్తులు మధ్యలోనూ మాత్రమే మిగిలాయి. ఆ ప్రతి సంప్రదాయం మీదే ఆధారపడిన 1518 నాటి వెనిస్ ముద్రణలో ‘అగమెమ్నోన్’, దాని తర్వాతి నాటకం కలిసిపోయి ఒకే నాటకంగా అచ్చయ్యాయి. పద్నాలుగో శతాబ్దపు బైజాంటైన్ పండితుడు ట్రిక్లీనియస్ తదితరుల ప్రతుల వల్ల మిగతా భాగం దక్కింది. పూర్తి నాటకం 1557లో గాని అచ్చుకాలేదు. 1950లో ఎడ్వర్డ్ ఫ్రాంకెల్ మూడు సంపుటాల్లో తెచ్చిన వ్యాఖ్యానం దీని మీద ఇప్పటికీ పెద్ద దిక్కు.

1876లో మైసీనీలో తవ్వకాలు జరిపిన ష్లీమన్‌కు దొరికిన బంగారు ముఖకవచానికి అగమెమ్నోన్ పేరు అతుక్కుపోయింది. అది క్రీ.పూ. 16వ శతాబ్దానిది. ట్రాయ్ యుద్ధం జరిగిందనుకునే కాలానికి మూడు వందల ఏళ్ళ మునుపటిది. అయినా ఈ నాటకం ముఖచిత్రాలకు దాన్నే వాడుతున్నారు.

అమెరికా నాటకకర్త యూజీన్ ఓనీల్ 1931లో ఈ కథను తమ దేశపు అంతర్యుద్ధం ముగిసిన రోజులకు మార్చి రాశాడు. 1981లో లండన్ నేషనల్ థియేటర్‌లో పీటర్ హాల్ అందరూ మగ నటులతో, ముఖతొడుగులతో మూడు నాటకాలూ ఆడించాడు. పారిస్‌లో అరియాన్ మ్నూష్కిన్ 1990–92 మధ్య తీసుకొచ్చిన ప్రదర్శనలో కోరస్ అడుగులకు, వేషాలకు కథకళి, భరతనాట్యాల ఛాయ ఉంది. ఆమె మూడు నాటకాలకూ ముందు యూరిపిడీస్ రాసిన ‘ఆలిస్‌లో ఇఫిజినియా’ను చేర్చింది. దాంతో ప్రేక్షకులు కూతురి కథను పాటలో వినడంతో సరిపెట్టుకోకుండా, ఆమెను ముందే రంగం మీద చూసి, ఆ తర్వాతే ఎర్రబట్టలు పరిచే తల్లి దగ్గరకు వచ్చారు.